అసాధారణ పుట్టుమచ్చలు – చర్మ క్యాన్సరుతో వాటి సంబంధం

పదవ తరగతి ధ్రువపత్రంలో గుర్తింపు చిహ్నాలుగా పుట్టుమచ్చలను నమోదు చేయడం తెలుగునాట అందరికీ తెలిసిన పద్ధతి. మచ్చ మారదన్న విశ్వాసమే దీనికి ఆధారం. ఈ విశ్వాసం చాలావరకు సరైనదే. అందువలననే, పెద్దవారిలో ఒక మచ్చ మారడం ఆరంభమైతే దానిని వైద్యునికి చూపవలసి ఉంటుంది.

చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ను తయారుచేయు కణాలు ఒకచోట గుంపుగా చేరడం వలన పుట్టుమచ్చ ఏర్పడుతుంది. పేరు ఎలా ఉన్నా, వీటిలో అధికభాగం పుట్టుకతో వచ్చినవి కావు. బాల్య, యౌవనాలలో ఏర్పడినవే. ఇవే కణాల నుండి జనించే క్యాన్సరు మెలనోమా. చర్మ క్యాన్సర్లలో ఇది అరుదైనదే అయినా ఇతర అవయవాలకు త్వరగా వ్యాపించగలదు.

అసాధారణ పుట్టుమచ్చ సాధారణంగా 5 మిల్లీమీటర్లకు మించి ఉంటుంది. అంచు చుట్టూ ఉన్న చర్మంలో కలిసిపోయినట్లు కనిపిస్తుంది. గోధుమ, గులాబి ఛాయలు కలగలిసి ఉంటాయి. మెలనోమా తరచుగా వచ్చే కుటుంబాలలో ఇటువంటి మచ్చలను 1978లో అమెరికా శాస్త్రవేత్త వాలెస్ క్లార్క్ బృందం వర్ణించింది. ఇవి అధికసంఖ్యలో ఉండి, రక్తసంబంధీకులలో మెలనోమా చరిత్ర కూడా ఉన్నవారికి ముప్పు ఎక్కువ.

అయితే అసాధారణ మచ్చ క్యాన్సరు కాదు. వీటిలో అత్యధికం ఎన్నటికీ క్యాన్సరుగా మారవు. 2017లో ప్రచురితమైన ఒక విశ్లేషణ ప్రకారం మెలనోమాలలో సుమారు 29 శాతం మాత్రమే పాత మచ్చల నుండి పుట్టినవి. మిగిలినవి మచ్చ లేని చర్మంపై కొత్తగా వచ్చినవి. కనుక ముందుజాగ్రత్తగా మచ్చలన్నింటినీ తీయించుకొనుట వలన ప్రయోజనం లేదు.

మచ్చ రెండు సగాలు ఒకదానితో ఒకటి సరిపోలకపోవడం, అంచు గజిబిజిగా ఉండడం, పలు రంగులు, 6 మిల్లీమీటర్లకు మించిన వెడల్పు – ఈ నాలుగు లక్షణాలను 1985లో న్యూయార్క్ వైద్యులు సూచించారు. కాలక్రమంలో వచ్చే మార్పు అనే అయిదవ లక్షణం 2004లో చేరినది. అయిదింటిలో ప్రధానమైనది ఇదే.

ఈ సూచనలు ముఖ్యంగా తెల్లజాతీయులను పరిశీలించి రూపొందించినవి. విదేశీ కథనాల అనువాదాలలో ఈ సంగతి తరచు మరుగున పడుతున్నది. తెల్లజాతీయులలో ఎండ ప్రధాన కారణం కాగా, భారతీయుల వంటి ముదురు ఛాయ గలవారిలో మెలనోమా మొత్తంమీద అరుదు; వచ్చినప్పుడు తరచుగా అరికాలు, అరచేయి, గోటి అడుగున కనిపిస్తుంది. దీనికి ఎండతో అంతగా సంబంధం లేదు. ఆనె అనో, ముల్లు గుచ్చుకున్న పుండు అనో, మధుమేహం వలన మానని గాయమనో భావించి నెలల తరబడి ఉపేక్షించడం జరుగుతుంది. జమైకా గాయకుడు బాబ్ మార్లే కాలివేలి గోటి అడుగున వచ్చిన మెలనోమాను తొలుత ఫుట్‌బాల్ ఆటలో తగిలిన దెబ్బగా భావించారు. 1977లో వ్యాధి నిర్ధారణ అయినది; 1981లో 36వ ఏట ఆయన మరణించారు.

దెబ్బ వలన గోటి కింద గడ్డకట్టిన రక్తం గోరు పెరిగేకొద్దీ ముందుకు జరిగి తొలగిపోతుంది. అలా జరగక నల్లని చార వెడల్పు అవుతున్నా, గోటి మొదలులోని చర్మానికి నలుపు పాకినా చర్మవ్యాధి నిపుణుని సంప్రదించవలెను. అనుమానం గల మచ్చను సాధ్యమైనంతవరకు పూర్తిగా కోసి తీసి బయాప్సీకి పంపుతారు. మెలనోమా మందం 1 మిల్లీమీటరు లోపు ఉన్న దశలో శస్త్రచికిత్సతోనే అత్యధికులు కోలుకుంటారు. సున్నం, సోడా పెట్టి కాల్చడం, పరీక్ష లేకుండా లేజరుతో తొలగించడం వలన పరీక్షకు కావలసిన కణజాలమే నశించి వ్యాధి నిర్ధారణ కష్టమవుతుంది.