తెరకాపరి కథ

దసరా సెలవులకు మా మనుమడు భవానీపురం వచ్చాడు. నా కంప్యూటరు ముందు కూర్చుని, "తాతయ్యా, స్క్రీన్ సేవర్‌లోని చేపలను డెస్క్‌టాప్ వెనుక పెట్టనా? అవి ఈదుతూంటే పైన నీ వ్యాసం రాసుకోవచ్చు" అన్నాడు. "ముందు స్క్రీన్ సేవర్ అంటే ఏమిటో చెప్పు" అన్నాను. బడి విడిచినా అలవాటు విడువదు కదా! "కంప్యూటరును ముట్టుకోకపోతే వచ్చే బొమ్మ" అన్నాడు. 'సేవర్' దేనిని కాపాడుతుందో వాడికి తెలియదు. అది వాడి తప్పు కాదు. ఆ పేరుకు కారణమైన వస్తువు వాడు పుట్టేనాటికే మన ఇళ్ళ నుండి వెళ్ళిపోయింది.

నేను పనిచేసిన ఒక పాఠశాలలో గాజు గొట్టపు మానిటరు ఒకటి ఉండేది. ఆకుపచ్చ అక్షరాలు తప్ప వేరు రంగు లేదు. మార్కుల జాబితా పట్టిక దానిపై రోజంతా ఉండేది. కొన్నాళ్ళకు యంత్రం ఆపివేసినా ఆ పట్టిక గీతలు మసకగా కనిపించేవి. గాజు లోపలి వైపు ఫాస్ఫర్ అనే పూత ఉంటుంది. ఎలక్ట్రాన్లు తాకినప్పుడు అది వెలుగుతుంది. ఒకేచోట ఎడతెగక వెలిగితే అక్కడి పూత అరిగి, ఆ ఆకారం శాశ్వతంగా నిలిచిపోతుంది. పలక మీది అక్షరాలనైతే తడిగుడ్డతో తుడవగలం. వీటిని తుడిచే గుడ్డ లేదు.

దీనికి విరుగుడుగా జాన్ సోషా అనే ప్రోగ్రామరు 1983 డిసెంబరులో 'సాఫ్ట్‌టాక్' పత్రికలో ఒక చిన్న ప్రోగ్రాము ప్రకటించాడు. మూడు నిమిషాలు ఎవరూ మీటలు నొక్కకపోతే తెర నల్లబడుతుంది. అంతే. అందులో చేపలు లేవు, నక్షత్రాలు లేవు. నలుపు చూసి యంత్రం ఆగిపోయిందని జనం భ్రమపడే చిక్కు మాత్రం ఉంది. కదిలే బొమ్మ ఉంటే ఆ భ్రమ ఉండదు, ఏ చోటా ఎక్కువసేపు వెలగదు కనుక పూతా అరగదు. 1989లో బర్క్‌లీ సిస్టమ్స్ వారి 'ఆఫ్టర్ డార్క్' వచ్చాక ఇది వినోదమైపోయింది. రెక్కలు కట్టుకుని ఎగిరే రొట్టెలు కాల్చే యంత్రాలను జనం డబ్బిచ్చి కొనుక్కున్నారు! 1992లో విండోస్ 3.1తో పాటే కొన్ని తెరకాపరులు వచ్చాయి. అదే సంవత్సరం జేమీ జవిన్‌స్కీ యూనిక్స్ యంత్రాలకు 'ఎక్స్‌స్క్రీన్‌సేవర్' రాశాడు.

పలుచని ఎల్‌సీడీ తెరలు వచ్చాక ఫాస్ఫర్ గొట్టం పోయింది, దానితో అవసరమూ పోయింది. పేరు మాత్రం నిలిచింది. తెలుగు చదువుకున్నవారికి ఇది వింత కాదు. నువ్వుల నెయ్యి కనుక 'నూనె' అయింది. నేడు వేరుసెనగ నూనె అంటున్నాము, కొబ్బరి నూనె అంటున్నాము. నువ్వులు ఎక్కడ? వ్యుత్పత్తి మరుగున పడి వాడుక నిలిచిన మాటను రూఢి అంటాము. స్క్రీన్ సేవర్ కూడా నేడు రూఢిపదమే.

కాపలా పని పోయిన బొమ్మకు కొత్త కొలువు వెదికినవారు దానిని డెస్క్‌టాప్ వెనుకకు చేర్చారు. ఎక్స్‌స్క్రీన్‌సేవర్ బొమ్మలను యూనిక్స్‌లో అన్నిటికన్న అడుగున ఉండే కిటికీ మీదనే గీయించవచ్చు. విండోస్‌లో స్క్రీన్ సేవర్ అనేది పేరు చివర మారిన మామూలు ప్రోగ్రామే. ఎంపిక పెట్టెలోని బుల్లి నమూనా కోసం, ఇచ్చిన కిటికీలో గీయడం దానికి వచ్చు. ఆ కిటికీకి బదులు డెస్క్‌టాప్ అడుగు పొరను చూపిస్తే సరి. (ఈ కారణంగానే స్క్రీన్ సేవర్ వేషంలో వైరసులు కూడా వచ్చేవి. అపరిచితులు పంపినవి తెరవరాదు.) మైక్రోసాఫ్ట్ వారు 1997లో 'యాక్టివ్ డెస్క్‌టాప్', 2007లో విస్టా అల్టిమేట్‌కు 'డ్రీమ్‌సీన్' ఇచ్చారు. రెండూ నిలువలేదు. 2023లో ఆపిల్ వారి 'సోనోమా'లో స్క్రీన్ సేవర్ దృశ్యమే మెల్లగా ఆగి డెస్క్‌టాప్ బొమ్మగా నిలుస్తుంది.

నేనూ ఒకసారి ఈ ముచ్చట తీర్చుకున్నాను. 2024 ఆగస్టులో పున్నమి ఘాట్ వద్ద కృష్ణ ప్రవాహాన్ని ఫోనులో పట్టి, తెర వెనుక పారేటట్లు పెట్టించుకున్నాను. సెప్టెంబరు 1న బుడమేరు నీరు మా పల్లపు వీధులలోకి వచ్చింది. మరునాటికి ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. మా కింది గదిలో నా పుస్తకాల బీరువా మునిగింది. విద్యార్థి దశ నుండి రాసుకున్న ఛందస్సు నోటు పుస్తకాలు ముద్దలై చేతికి వచ్చాయి. కరెంటు వచ్చిన రోజు మేడ మీద కంప్యూటరు తెరిస్తే, నా అక్షరాల వెనుక అదే నీరు పారుతూంది. చూడలేక తీసివేశాను.

ఇదంతా మనుమడికి చెప్పాను. వాడు కాసేపు ఊరకుండి, "అయితే ఇప్పుడు తెరకు కాపలా అక్కరలేదన్నమాట" అన్నాడు. అక్కర తిరిగి వచ్చిందిరా అన్నాను. ఓఎల్‌ఈడీ తెరలలో ప్రతి చుక్కా తానే వెలుగుతుంది, ఎక్కువ వెలిగినది త్వరగా అరుగుతుంది. వాడి పాత ఫోను పైఅంచులో, ఎప్పుడూ గడియారం ఉండే చోట, మసక ముద్ర ఒకటి చూపించాను. మా బడిలోని మానిటరు గుర్తుకు వచ్చింది.

వాడి కంప్యూటరులో చేపలు పెట్టుకోమన్నాను. నా యంత్రానికి మాత్రం సోషా పద్ధతే పెట్టించాను. మూడు నిమిషాలు నేను రాయకపోతే తెర నల్లబడుతుంది. వెనుక ఏ నీరూ పారదు. పోయిన నోటు పుస్తకాలలో జ్ఞాపకమున్నంత మేరకు మళ్ళీ టైపు చేస్తున్నాను. ఆలోచనలో పడితే తెర నల్లబడి, "పంతులుగారూ, పని కానివ్వండి" అని హెచ్చరించినట్లు ఉంటుంది.