పొగ నలుపు, గడప పసుపు, జాలీ ఆకుపచ్చ

భద్రాచలం దాటి కొండల్లోకి వెళ్తే, పాతకాలపు కొండరెడ్ల ఇళ్లలో తలుపుకు ఏ రంగు వేయాలన్న ఆలోచనే ఉండేది కాదు. తలుపంటే వెదురు తడిక. బొంగును బద్దలుగా చీల్చి, అల్లి, గుంజకు తీగతో కట్టేస్తే సరిపోయేది. పోడు మారినప్పుడు ఇల్లూ మారేది, తడిక మళ్లీ అల్లుకునేవారు. 1941లో గోదావరి ఒడ్డున ఈ కొండరెడ్ల మధ్య తిరిగిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్, 1945లో వాళ్ల మీద పెద్ద పుస్తకమే అచ్చువేశాడు. ఆయన తీసిన ఫొటోలు నలుపు తెలుపువి. వాటిలో కనపడని రంగు ఒకటుంది. కొత్త తడిక పచ్చగా ఉండి, ఎండి గడ్డిరంగుకు తిరిగి, పొయ్యి పొగకు మెల్లగా నల్లబడేది. ఆ నలుపు మురికి కాదు. వెదురులోని పిండి కోసం తొలిచే పురుగు పొగచూరిన బద్దను అంత త్వరగా పట్టదు. అక్కడి తలుపుకు తొలి పూత వేసింది పొయ్యే.

ఆ రోజుల్లో గోదావరే ఎల్లగా ఉండేది. ఇవతలి గట్టున పాల్వంచ, బూర్గంపహాడ్ నిజాం రాజ్యంలోవి. అవతలి భద్రాచలం 1874లో మధ్య పరగణాల నుంచి మద్రాసు ప్రెసిడెన్సీకి మారింది. 1953లో వరంగల్ నుంచి విడదీసి ఏర్పాటు చేసిన ఖమ్మం జిల్లాలో అది 1959లో గానీ కలవలేదు. పాలకులు ఎవరైనా ఇల్లు అలికే చేతులు మారలేదు. ఎర్రమట్టి, తెల్లసుద్ద, పేడ: పండగ వస్తుందంటే గోడకు ఈ మూడే.

మైదానం వైపు, మధిర, వైరా పల్లెల్లో, కథ గడప దగ్గర మొదలవుతుంది. టేకుతోనో వేపతోనో చేసిన ద్వారబంధం, దాని కింద గడప, గడపకు పసుపు, పసుపు మీద కుంకుమ బొట్లు. దొంగను ఆపేది గడియ, దిష్టిని ఆపేది పసుపు అని ఇంటివాళ్ల నమ్మకం. నేలకు ఆనుకున్న చెక్కకు మాత్రం ఇంకో శత్రువు ఉంది, చెదపురుగు. అందుకే పైన పసుపు కనిపించే ద్వారబంధానికి కిందకొసన, గోడలో దిగే చోట, తారు పూసేవారు. ఇప్పుడు చాలా ఇళ్లలో గడప పసుపు ఎనామెల్ డబ్బాలోంచే వస్తోంది. పసుపురంగు పెయింటు ఆరాక దాని మీద తెల్లటి ముగ్గు, ఎర్రటి చుక్కలు కుంచెతో దిద్దుతారు. శుక్రవారం వస్తే ఆ పెయింటు మీదే మళ్లీ నిజమైన పసుపు రాస్తారు. కొత్తదానికి లొంగకుండా పాతది దాని పక్కనే నిలబడడం అంటే ఇదే.

కిటికీకి జాలీ రావడానికి కారణం దొంగ కాదు, దోమ. 1897 ఆగస్టులో సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. మూడేళ్లకు, 1900లో, పాట్రిక్ మాన్సన్ ఏర్పాటు చేసిన ప్రయోగంలో సాంబన్, లో అనే ఇద్దరు డాక్టర్లు రోమ్ దగ్గరి చిత్తడి నేలల్లో, కిటికీలకూ తలుపులకూ సన్నని తీగజాలీ బిగించిన గుడిసెలో ఉన్నారు. పొద్దుగూకేసరికి లోపలికి వెళ్లడం, తెల్లారాక బయటికి రావడం. జ్వరాల కాలమంతా గడిచినా వాళ్లకు మలేరియా రాలేదు.

మన్యం జ్వరానికి పేరుపడ్డ ఈ అడవిలో ఆ విద్య పూరింటికి ఎక్కడ పనికొస్తుంది? తడిక కంతలకు ఏ జాలీ బిగించాలి? అందుకే 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలయ్యాక ఇలాంటి ఊళ్లకు జాలీ బదులు డీడీటీ పిచికారీ వచ్చింది. మందు ఆరితే గోడ మీద తెల్లటి పొడి మిగిలేది. ఇల్లాలికి అది మరక. పండగకు ఎర్రమట్టితో అలికితే గోడ అందంగా తయారయ్యేది, మందు మాత్రం మట్టి కిందికి పోయేది. మట్టిగోడలున్న చోటల్లా మలేరియా సిబ్బందిని వేధించిన చిక్కే ఇది. ఆ ఇల్లాలిని తప్పుపట్టలేం. ఆమె చేసింది ఇంటికి చేయాల్సిన పనే.

ఇనుము వచ్చాక లెక్క మారింది. 2006లో మొదలైన ఇందిరమ్మ పథకం లాంటివాటితో స్లాబు ఇళ్లు ఊరూరా లేచాయి. వాటితో పాటే వెల్డింగు షాపులు. గ్రిల్లు, జాలీ తలుపు, వసారాకు మడతగేటు అన్నీ అక్కడే తయారవుతాయి, అన్నింటికీ మొదట పడేది రెడ్ ఆక్సైడ్ ప్రైమర్. ఆ ఎరుపు ఇనుప ఆక్సైడ్ పొడిది. చవక, తుప్పును కొంతకాలం ఆపుతుంది. దాని మీద ఎనామెల్ వేయకుండా ఏళ్ల తరబడి అలాగే వదిలేసిన గ్రిల్లులు ఎన్నో. అది నిర్లక్ష్యం అనుకుంటే పొరపాటు, పై పూత అంటే మళ్లీ ఖర్చు. ఒట్టి ప్రైమర్ మాత్రం వానకు ఎంతోకాలం నిలవదు, పొడిపొడిగా రాలి తుప్పుకు దారిస్తుంది.

గోదావరి ఈ తలుపులను ఎప్పటికప్పుడు పరీక్షిస్తూనే ఉంటుంది. భద్రాచలం దగ్గర 1986 ఆగస్టులో నీటిమట్టం 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది. రోజుల తరబడి నీళ్లలో నానితే చెక్క తలుపు ఉబ్బి ద్వారబంధంలో బిగుసుకుపోతుంది. ఇనుప గ్రిల్లుకు ఆ బాధ లేదు గానీ, మూలల్లో, వెల్డింగు అతుకుల దగ్గర ఒండ్రు పట్టి అక్కడినుంచే తుప్పు మొదలవుతుంది. వరద తీశాక ముందు కడగాల్సింది ఆ మూలలనే, మళ్లీ ప్రైమర్ వేయాల్సిందీ వాటికే.

ఇక రంగు ఎంచుకోవడంలో ఎండదే పెద్దమాట. ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం వేసవిలో 45 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. పడమటి ముఖం ఇంటికి నల్లటి ఇనుప తలుపు పెట్టుకుంటే మధ్యాహ్నం గడియ ముట్టుకోలేం. లేత బూడిదరంగు, గోధుమరంగు, వెండిరంగు అక్కడ మేలు. జాలీ విషయంలో మాత్రం ఇది తిరగబడుతుంది. తెల్లటి జాలీ మీద పడ్డ వెలుతురు తిరిగి కంటికే కొట్టి, బయటి చెట్టు మసగ్గా కనిపిస్తుంది. నల్లటి జాలీ వెలుతురును మింగేస్తుంది కాబట్టి చూపు సాఫీగా బయటికి పోతుంది. కొట్లలో ఎప్పటినుంచో అమ్ముతున్న ఆకుపచ్చ జాలీ ఈ రెంటికీ మధ్యస్థం. చెట్లున్న ఇంటికి అది బాగానే అమరుతుంది. గ్రిల్లు లేతరంగు, దాని వెనక జాలీ నలుపు: ఈ ఎండకూ ఈ దోమలకూ కుదిరే జోడీ అది.