చెవులకు తగిలించుకొన్న సంగీతం

రేడియో ఉన్న ప్రతి ఇంటివారికీ లౌడ్‌స్పీకరు సుపరిచితం. ఒక్కరు మీట త్రిప్పితే ఇంటిల్లిపాదీ వినవచ్చును. అరుగు మీద కూర్చున్న పొరుగువారూ వినవచ్చును. కాని ప్రసారచరిత్రలో లౌడ్‌స్పీకరు తరువాత వచ్చిన చుట్టం. అంతకుముందే శ్రోతకు దక్కినది హెడ్‌ఫోను. నేడు మేడ్చల్ మార్గంలో బస్సు ఎక్కినా, శామీర్‌పేట పరిసరాలలోని విద్యార్థి వసతిగృహాలను చూచినా, యువజనుల తలలపై మరల ఆ పరికరమే కనిపిస్తున్నది.

ఈ నూరేండ్లలో దాని రూపం పెద్దగా మారలేదు. తల మీదుగా ఒక పట్టీ, రెండు చెవులకు రెండు గిన్నెలు. మారినదల్లా అది తీర్చవలసిన సమస్య. ఆనాడు ధ్వని చాలక చిక్కు; ఈనాడు ధ్వని మితిమీరి చిక్కు. కొద్దిపాటి సొమ్ముతో హెడ్‌ఫోను కొనదలచిన వారికి, అందులోనూ రాక్, మెటల్ అనే ఉద్ధృతమైన సంగీతాన్ని ప్రయాణాలలో వినగోరేవారికి, ఈ మార్పు తెలిసి ఉండుట మేలని మేము భావిస్తున్నాము.

టెలిఫోను పుట్టిన కొద్ది సంవత్సరాలకే దాని ద్వారా సంగీతం వినవచ్చునన్న ఊహ కలిగినది. 1881లో పారిస్ నగరంలో జరిగిన విద్యుత్ ప్రదర్శనలో, నాటకశాలలోని గానాన్ని తీగల ద్వారా తెచ్చి సందర్శకుల చెవులకు వినిపించినారు. తరువాత అమెరికాలో యూటా రాష్ట్రానికి చెందిన నథానియల్ బాల్డ్విన్, తన వంటయింటి బల్లమీద, రెండు చెవులకూ తగిలే హెడ్‌ఫోను తయారుచేసినాడు. 1910లో దానిని అమెరికా నౌకాదళానికి పంపినాడు. సముద్రం మీద దూరపు వైర్‌లెస్ సంకేతాలు అతి క్షీణంగా వచ్చేవి. ఆ క్షీణధ్వనిని ఒడిసిపట్టుటలో అతని పరికరం మిక్కిలి సమర్థమని నౌకాదళం గుర్తించినది.

1920వ దశకంలో ప్రజలకు ప్రసారాలు వచ్చినప్పుడు, పేదవాని రేడియో స్ఫటిక గ్రాహకం. దానికి బ్యాటరీ అక్కరలేదు, కరెంటు అక్కరలేదు. ఆకాశం నుండి ఏరియల్ పట్టుకొన్న శక్తియే దాని సర్వస్వం. అంత స్వల్పశక్తితో లౌడ్‌స్పీకరు కదలదు. కనుకనే వేలాది చుట్ల సన్నతీగతో, రెండు వేల ఓమ్‌ల వంటి హెచ్చు నిరోధంతో చేసిన హెడ్‌ఫోన్లు అవసరమయినవి. మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు 1924లో ప్రసారాలు ప్రారంభించినది ఈ కాలంలోనే. మన హైదరాబాదులో 1933లో మహబూబ్ అలీ గారు 200 వాట్ల చిన్న కేంద్రాన్ని నెలకొల్పినారు. 1935లో నిజాం ప్రభుత్వం దానిని చేపట్టినది. 1950 ఏప్రిల్ 1వ తేదీన అది ఆకాశవాణిలో చేరినది. అప్పటికి వాల్వు రేడియోలు, వాటి లౌడ్‌స్పీకర్లు ఇండ్లలోనికి వచ్చినవి. హెడ్‌ఫోను ఇంటి నుండి సెలవు తీసుకొని, స్టూడియో ఇంజనీర్ల వద్దకూ టెలిఫోను ఎక్స్ఛేంజీలకూ వెళ్ళిపోయినది.

దానిని మరల సంగీతానికి తెచ్చినవాడు అమెరికాలోని మిల్వాకీ నగరవాసి జాన్ కాస్. 1958లో ఆయన స్టీరియో హెడ్‌ఫోనును ప్రదర్శించినాడు. రెండు చెవులలో రెండు వేరువేరు ధ్వనులు వినిపించగా వాద్యబృందం ఎదుట కూర్చున్నట్లే శ్రోతకు తోచినది. 1968లో జర్మనీ దేశపు సెన్‌హైజర్ సంస్థ పసుపుపచ్చని నురుగుమెత్తలతో, వెనుకవైపు తెరచిఉన్న తేలికైన నమూనాను విక్రయించినది. 1979 జులైలో సోనీ సంస్థ వాక్‌మన్‌ను విడుదల చేసినప్పుడు, దానితో ఇచ్చిన హెడ్‌ఫోను యాభై గ్రాములైనా తూగలేదు. సంగీతం నడకకు, ప్రయాణానికి తోడయినది అప్పటి నుండియే.

ఇక ఆ సంగీతం మాట. మెటల్ అనగా లోహం. ఆ పేరుకు తగినట్లే దాని పుట్టుకలో లోహపు కర్మాగారం ఒకటి ఉన్నది. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరంలో టోనీ అయోమీ అనే పదునేడేండ్ల కుర్రవాడు రేకులను వత్తే కర్మాగారంలో పనిచేసేవాడు. 1965లో, ఆ పనికి స్వస్తి చెప్పబోయే దినాననే, యంత్రంలో చిక్కి అతని కుడిచేతి రెండు వ్రేళ్ళ కొనలు తెగిపోయినవి. అతడు ఎడమచేతివాటం వాడగుటచే తీగలను నొక్కవలసినవి ఆ వ్రేళ్ళే. ప్లాస్టిక్కు కరగించి వ్రేళ్ళకు తొడుగులు చేసుకొన్నాడు. సన్నని తీగలు వాడినాడు, తరువాత వాటి బిగువును కూడా సడలించి శ్రుతి తగ్గించినాడు. అతని బ్లాక్ సాబత్ బృందం తొలి రికార్డు 1970 ఫిబ్రవరి 13న వెలువడినది. ఆ మంద్రమైన, బరువైన గిటారుధ్వనియే తరువాతి మెటల్ సంగీతానికి పునాది.

ఈ కథను ముచ్చటకై చెప్పలేదు. హెడ్‌ఫోను ఎంపికకు దీనితో నేరుగా సంబంధం కలదు. సాధారణ శ్రుతిలో గిటారు అడుగుతీగ సెకనుకు సుమారు 82 కంపనాలు చేస్తుంది. అయోమీ 1971 నాటి కొన్ని పాటలలో చేసినట్లు మూడు అరస్వరాలు దింపితే అది 69కి చేరుతుంది. బాస్ గిటారు అడుగుతీగ 41 కంపనాల దగ్గర మొదలవుతుంది. ఆ మంద్రంలోనే రెండు పెడళ్ళతో మ్రోగే పెద్ద డ్రమ్ము కూడా ఉన్నది. పైన తాళాల ఝంకారం వేల కంపనాలలో ఉంటుంది. ఈ రెంటి నడుమ గిటారు, గాయకుని గొంతు. అన్నీ ఒక్కసారిగా, విరామం లేకుండా మ్రోగుతాయి. మంద్రం ఉబ్బిన హెడ్‌ఫోను గిటారును మ్రింగివేస్తుంది. తారం పెచ్చుమీరినది తాళాలను సూదులుగా మార్చి చెవిలో గ్రుచ్చుతుంది. డబ్బా మీద “అదనపు బాస్” అని పెద్ద అక్షరాలతో ఉన్నంత మాత్రాన మెటల్‌కు తగినదని నమ్మరాదు. చాలాసార్లు సత్యం దానికి విరుద్ధంగానే ఉంటుంది.

ఇప్పుడు వినే చోటును గమనింతము. మేడ్చల్ శ్రీనగర్ – కన్యాకుమారి జాతీయరహదారి మీది పట్టణం. శామీర్‌పేట కరీంనగర్ వెళ్ళే రాజీవ్ రహదారి మీద ఉన్నది. రెంటినీ కలుపుతూ ఔటర్ రింగు రోడ్డు పోతున్నది. మేడ్చల్‌లో పారిశ్రామికవాడ, శామీర్‌పేట వైపు న్యాయశాస్త్ర విశ్వవిద్యాలయమైన నల్సార్, 2008 నుండి బిట్స్ పిలానీ వారి హైదరాబాదు ప్రాంగణం, ఔషధ పరిశోధనల జీనోమ్ వ్యాలీ ఉన్నవి. 2023లో సికింద్రాబాదు నుండి మేడ్చల్‌కు ఎం.ఎం.టి.ఎస్. రైలు కూడా వచ్చినది. కార్మికుడైనా, విద్యార్థి అయినా, దినానికి గంటో రెండు గంటలో లారీల హోరులో, బస్సు ఇంజను గురగురలో గడుపవలసిన ప్రాంతం ఇది.

ఈ హోరులో చిక్కు ఎట్లు పుడుతుందో చూడండి. ఇంజను మ్రోత ప్రధానంగా మంద్రధ్వని. అది బాస్ గిటారును, పెద్ద డ్రమ్మును కప్పివేస్తుంది. శ్రోతకు పాట బలహీనంగా వినిపిస్తుంది. అతడు ధ్వని పెంచుతాడు. మంద్రం వినబడవలెనని పెంచగా తారమూ పెరుగుతుంది. బస్సు ఆగి ఇంజను ఆగినప్పుడు గాని, తాను ఎంత బిగ్గరగా వింటున్నదీ అతనికి తెలియదు. పైగా నవీన మెటల్ రికార్డులలో అనేకం ఆది నుండి అంతం వరకు ఒకే ఉచ్చస్థాయిలో ఉండునట్లు తయారయినవి. 2008లో మెటాలికా బృందం వెలువరించిన రికార్డు విషయంలో అభిమానులే ఇందుకు అభ్యంతరం తెలిపినారు. అట్టి పాటలలో చెవికి విశ్రాంతి చిక్కదు.

చెవికి ఒక పద్దు ఉన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం కలిసి 2018లో ప్రకటించిన ప్రమాణం ప్రకారం, పెద్దలు 80 డెసిబెళ్ళ ధ్వనిని వారానికి 40 గంటలు వినవచ్చును. 3 డెసిబెళ్ళు పెరిగినకొద్దీ కాలం సగానికి తగ్గుతుంది. ఆ లెక్కన 90 డెసిబెళ్ళు అయితే వారానికి 4 గంటలు; 100 అయితే 24 నిమిషాలు మాత్రమే. మన దేశంలో కర్మాగారాల నమూనా నిబంధనలు కార్మికునికి దినానికి 8 గంటలపాటు 90 డెసిబెళ్ళ వరకు అనుమతిస్తున్నవి. అంతటి మ్రోతలో పనిచేసేవాడు వినోదానికని చెప్పిన వారపు పద్దును ఒక్క పూటలోనే ఖర్చుచేసినవాడవుతాడు. ఇంటిదారిలో అతని చెవికి కావలసినది మరింత ధ్వని కాదు, మరింత స్పష్టత. లోపలి చెవిలోని సూక్ష్మరోమ కణాలు ఒకసారి నశిస్తే మరల మొలవవు. అయిదు వందలు ఆదా చేసి వినికిడిని పోగొట్టుకొన్న బేరం ఎవరికి లాభం?

కనుక మా మొదటి సూత్రం ఇది: ప్రయాణంలో మెటల్ వినదలచినవారు మొదట బయటి మ్రోతను ఆపే హెడ్‌ఫోనును ఎన్నుకొనవలెను. మ్రోత ఆగితే తక్కువ ధ్వనిలోనే మంద్రం వినబడుతుంది. సంగీతమూ దక్కుతుంది, చెవీ దక్కుతుంది. వెనుకవైపు తెరచిన నమూనాలు నిశ్శబ్దమైన గదిలో శోభిస్తాయి. రాక్ గిటారుకు పేరుపడిన గ్రాడో వంటివి ఆ కోవకు చెందినవే. బస్సులో అవి నిరుపయోగం. ప్రయాణానికి గిన్నెల వెనుకభాగం మూసి ఉండవలెను. మెత్తలు చెవి మీద ఆనక, చెవి చుట్టూ ఆనవలెను. కళ్ళజోడు కాడవల్లనో, జుట్టువల్లనో సందు ఏర్పడితే మొదట జారిపోయేది మంద్రమే. కళ్ళజోడు పెట్టుకొనేవారు దానితోనే పరీక్షించి చూడవలెను.

రెండవది, సొమ్ము ఎక్కడికి పోతున్నదో గమనించుట. రెండు వేల రూపాయల తీగలేని హెడ్‌ఫోనులో బ్యాటరీకి, రేడియో పరికరానికి, మైకుకు కూడా ఆ రెండు వేలలోనే వాటా పోవలెను. తీగ ఉన్నదానిలో అధికభాగం ధ్వనినిచ్చే పొరకు, గిన్నెలకు, మెత్తలకు మిగులుతుంది. స్వల్పధనంలో నాదశుద్ధి కావలెనంటే తీగదే మేలు. ఫోనులో తీగరంధ్రం లేకున్న చిన్న మార్పిడి పరికరం కొనవలసి వస్తుంది. ఆ ఖర్చునూ ముందే లెక్కలో వేసుకొనవలెను. నిరోధం 32 ఓమ్‌ల ప్రాంతంలో ఉంటే ఫోను సులభంగా నడుపగలదు. స్ఫటిక గ్రాహకపు రోజులలో రెండు వేల ఓమ్‌లు ఎంత అవసరమో, నేటి చిన్న బ్యాటరీకి ఈ తక్కువ సంఖ్య అంత అవసరం.

మూడవది, మ్రోతను మ్రోతతో రద్దుచేసే పద్ధతి. వంగదేశపు స్వాతంత్ర్యయోధుని కుమారుడైన అమర్ బోస్ 1978లో విమానంలో ప్రయాణిస్తూ ఈ ఆలోచన చేసినాడు. 1989లో అది విమానచోదకులకు, 2000లో సామాన్యులకు అందినది. ఇంజను వంటి ఎడతెగని మంద్రధ్వని మీద ఇది చక్కగా పనిచేస్తుంది. హారను మీద, మాటల మీద అంతగా పనిచేయదు. చౌకరకాలలో ఈ సదుపాయం పేరుకే ఉండవచ్చును. మీట వేసినప్పుడు పాట రంగు మారిపోతే దానికి అదనపు ధర చెల్లించుట వ్యర్థం.

కోఠిలోని గుజరాతీ గల్లీకో, ఆబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్టుకో, సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరుకో పోయినవారు తమకు కంఠస్థమైన పాటను వెంట తీసుకొనిపోవలెను. పెద్ద డ్రమ్ము వేగంగా మ్రోగే చోట దెబ్బకు దెబ్బ విడిగా వినిపిస్తున్నదా? బాస్ గిటారును గిటారు నుండి వేరుపరచగలమా? తాళాలు చెవిని గ్రుచ్చకుండా ఉన్నవా? ఈ మూడు ప్రశ్నలకు జవాబును తక్కువ ధ్వనిలోనే వెదకవలెను. బిగ్గరగా పెడితే ప్రతి హెడ్‌ఫోనూ మొదటి నిమిషం మంచిదిగానే తోస్తుంది. తరువాత పది నిమిషాలు తలపై ఉంచుకొని బిగువు చూడవలెను. మన ఎండలలో రెక్సిన్ మెత్తలు చెమటకు పొరలూడుతాయి. విడిగా మార్చుకొనదగిన మెత్తలు, ఊడదీయదగిన తీగ ఉన్నవి పదికాలాలు మన్నుతాయి. మడతబడే కీలును రెండుమూడు మారులు కదల్చి చూచుట మరువరాదు.

చివరగా ఇండ్లలోని పెద్దలకు ఒక మనవి. మ్రోతను ఆపే హెడ్‌ఫోను హారనునూ ఆపుతుంది. బస్సులో, రైలుపెట్టెలో కూర్చున్నప్పుడు అది మేలు. రహదారి దాటేటప్పుడు, పట్టాల పక్కన నడిచేటప్పుడు ప్రాణాంతకం. దిగవలసిన చోటు రాకముందే దానిని మెడ మీదికి దించుకొనే అలవాటు పిల్లలకు నేర్పండి. “ఆ గోల ఏమిటి?” అని విసుగుకొనుటకు బదులు, ఒకసారి ఆ హెడ్‌ఫోను అడిగి తీసుకొని, వారు పెట్టుకొన్న ధ్వనిలోనే ఆ పాటను వినండి. పాట మీకు నచ్చకపోవచ్చును. కాని ఆ ధ్వని మీ చెవికి బాధగా తోస్తే, అది వారి చెవికీ తగినంత కాదు, మితిమీరినది. తగ్గించమని చెప్పగల అధికారం అప్పుడు మీకు వస్తుంది.