శంకరంలో కొండను చెక్కినవాళ్లు

సబ్బవరం నుంచి అనకాపల్లి వైపు వెళ్లి శంకరం దారి పడితే పక్కపక్కనే రెండు గుట్టలు కనిపిస్తాయి. తూర్పుది బొజ్జన్నకొండ, పడమటిది లింగాలకొండ. సంఘారామం అన్న మాటే జనం నోట నలిగి శంకరం అయిందంటారు. క్రీ.శ. 4 నుంచి 9వ శతాబ్దం దాకా ఇక్కడ బౌద్ధం నిలిచిందని పండితుల లెక్క. 1906లో అలెగ్జాండర్ రీ తవ్వకాలు మొదలుపెట్టాక సముద్రగుప్తుడి బంగారు నాణెం కూడా బయటపడింది. నాణేలు కాలం చెబుతాయి, పనితనం చెప్పవు. అది తెలియాలంటే లింగాలకొండ ఎక్కాలి. గుట్ట వెన్నునే మెట్లుమెట్లుగా తొలిచి స్తూపాల వరుసలు తీశారు. బండ వంగినచోట వరుసా వంగింది, బండ కురచైనచోట స్తూపమూ కురచైంది. ఇంత పనికీ నమూనా గీసిచ్చింది గుట్టేనని నా వాదన.

రాయి మోయించే స్తోమత లేక ఉన్నచోటే చెక్కుకున్నారని ఎవరైనా అనొచ్చు. దానికి జవాబు ఎదుటి గుట్ట మీదే ఉంది. బొజ్జన్నకొండ పెద్ద స్తూపానికి అడుగుభాగం బండలో తొలిచి, పైన ఇటుక పేర్చారు. విహారమూ ఇటుకదే. అంటే కట్టడం చేతనైనవాళ్లే, ఎక్కడ చెక్కాలో ఎక్కడ కట్టాలో బండను చూసి తేల్చుకున్నారు. చెక్కడానికీ కట్టడానికీ తేడా ఎంతదో అమరావతిని చూస్తే తెలుస్తుంది. పలకలుగా అమర్చిన అక్కడి శిల్పాలను 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించాడు. వాటిలో చాలా భాగం మద్రాసు మీదుగా లండన్ చేరింది. లింగాలకొండ స్తూపాన్ని ఊడదీయాలంటే గుట్టను పగలగొట్టాలి.

భక్తితో చేసిన పనికి ఈనాటి కళాపరిభాష అంటగట్టడం తగదన్నది మరో అభ్యంతరం. ఇందులో సగం నిజముంది. 1970లో అమెరికాలోని ఉప్పుసరస్సులో అక్కడి రాళ్లతోనే సుడి కట్ట పోసిన రాబర్ట్ స్మిత్సన్‌కు కళ అన్న స్పృహ ఉంది. ఇక్కడి వాళ్లకు పుణ్యం మీద ధ్యాస. అయినా స్థలం మాట వినడంలో ఇద్దరిదీ ఒకటే పద్ధతి. బౌద్ధం మరుగయ్యాక ఊరివాళ్లు స్తూపాల్లో లింగాలను చూసి గుట్టకు ఆ పేరు పెట్టారు. బొజ్జన్నకొండ మీది ఒక బొమ్మను రాక్షసుడనుకుని కనుమనాడు రాళ్లు రువ్వే ఆనవాయితీ కూడా ఉండేది. ఆ రాళ్లూ అక్కడ ఏరుకున్నవే.