జపానుదేశమున భోజనపు చీటి

నిర్ణయించిన వెల చెల్లించి కడుపు నిండువరకు భుజించుట మన పూటకూళ్ల యిండ్లలో వింత గాదు. జపానుదేశమున నీ పద్ధతిని ‘తబెహోదాయి’ యందురు. అనగా తినగలిగినంత తినుట. దాని చరిత్రను విన్నచో, ఒక చిన్న కాగితపు చీటి కాలమును బట్టి యెట్టి భిన్నార్థముల నొందునో తెలియగలదు.

1937లో చైనాతో యుద్ధము మొదలయ్యెను. 1939లో కొరియాలో గొప్ప యనావృష్టి సంభవించి, అచ్చటినుండి జపానునకు వచ్చు బియ్యము తగ్గెను. అందుచే 1941 ఏప్రిలు నుండి టోకియో, ఒసాకా మొదలగు ఆరు మహానగరములలో బియ్యమునకు రేషను విధించిరి. పెద్దవానికి దినమునకు 330 గ్రాములు. ఇంట వంట లేక పూటకూటిపై నాధారపడువారికి వేరుగ చీట్ల నిచ్చిరి. చేత సొమ్మున్నను చీటి లేనిదే భోజనశాలలో అన్నము లేదు. మరుసటి యేడు జపాను సేనలు బర్మాను ఆక్రమించుటచే రంగూను బియ్యము మనకును ఆగిపోయెను. రేషను కార్డు పట్టుకొని నిలిచిన కథలు మన యిండ్లలోను కలవు.

యుద్ధము 1945లో ముగిసినను ఆకలి ముగియలేదు. రేషను చాలక జనులు దొంగబజారున గొని బ్రదికిరి. టోకియోలో నట్టి నేరములను విచారించు యమగుచి యోషితద యను న్యాయాధిపతి, ఇతరులను శిక్షించు తాను ఆ తిండి ముట్టరాదని నిశ్చయించుకొనెను. వచ్చినదానిలో జాలభాగము బిడ్డలకు బెట్టి, 1947 అక్టోబరులో పోషణ చాలక మరణించెను. అప్పటి కాయన వయస్సు 33 ఏండ్లు.

పదునొకండేండ్లు నిండకమునుపే, 1958 ఆగష్టు 1వ తేదీన, ఆ నగరముననే ఇంపీరియలు హోటలు వారు తిన్నంత భోజనమునకు శాల తెరచిరి. దాని యధ్యక్షుడు ఇనుమారు తెత్సుజో, డెన్మార్కులో అతిథులు బల్లపై నున్న పలువంటకములను తామే వడ్డించుకొనుట చూచి మెచ్చి, పారిసులో నున్న పాకశాస్త్రజ్ఞుడు మురకామి నొబువోను ఆ పద్ధతి నేర్చుకొమ్మనెను. నాడు ప్రదర్శింపబడుచున్న యొక చలనచిత్రమును బట్టి శాలకు ‘వైకింగు’ అను పేరు పెట్టిరి. నేటికిని జపానులో నట్టి భోజనమునకు ఆ పేరే వాడుక. మధ్యాహ్న భోజనమునకు 1200 యెనులు. ఆనాటి సామాన్యునకు అది బరువే. అదే సంవత్సరమున ఒసాకా ప్రాంతమున షిరైషి యోషియాకి, బీరు కర్మాగారములో సీసాలు కదలు పట్టీపై సాగుట చూచి, సుషీ పళ్లెరములను అట్లే త్రిప్పి చౌకగా నమ్మెను. గొప్పవారి వంటకము కూలివానికిని అందెను.

నేనును టోకియోలో నట్టి యొక శాలలో తగ్గింపు చీటి చూపి భుజించితిని. తొంబది నిమిషముల గడువు. సిర్కా కలిపిన అన్నపు ముద్దలపై పచ్చిచేప ముక్కలు, పిండిలో ముంచి వేచిన రొయ్యలు, ఎన్ని యడిగిన నన్ని తెచ్చిరి. కాని పళ్లెరములో విడిచినదానికి అదనపు వెల కట్టవలెనని గోడపై వ్రాసియుండెను. ప్రక్కబల్లనున్న వృద్ధుడు చివరి మెతుకు వరకు ఏరి తినెను.

ఆనాటి పూటకూటి చీటి చట్టము నుండి తొలగినది 1969లో. అనగా ‘వైకింగు’ బల్ల పరచిన పిమ్మటను పదునొకండేండ్లు ఆ రెండును ఒకే దేశమున నుండెను. నా చీటి వెల తగ్గించుటకు. ఆ వృద్ధుని బాల్యమునాటి చీటి ప్రాణము నిలుపుకొనుటకు. సమృద్ధి వచ్చినను మెతుకు విలువ నెరిగినవా రింకను ఆ బల్లలచెంత గూర్చుండియే యున్నారు.