ధాత కరువులో కాలువపని

మతగురువులు దొరతనమువారికడ కేగి పేదల కొరకు మొఱపెట్టుకొనుట లోకమున క్రొత్తగాదు. తఱచుగా వారు కోరునది గంజియు, గింజలును. అట్లుగాక పని నడిగి తెచ్చిన యొక పాదరీ వృత్తాంతము మన తెలుగుగడ్డపైననే కలదు.

1876 మొదలు 1878 వఱకు చెన్నపట్టణపు రాజధానిలో ఘోరక్షామము సంభవించెను. ధాతనామ సంవత్సరమున మొదలగుటచే పెద్దలు దానిని ధాత కరువనిరి. లక్షలకొలది జనులు నశించిరి. దొరతనమువారు కరువుపనులు తెఱచిరి. కాని 1877లో సర్ రిచర్డు టెంపులు, మగకూలికి దినమునకు ఒక పౌను ధాన్యపు వెలయు, ఒక అణాయు చాలునని నిర్ణయించెను. ఆ కూలితో దేహము నిలువదని చెన్నపురి ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిషు వాదించెను. ఆ కొద్దిపాటి కూలికై పోయిన మాదిగలను మేస్త్రీలు హీనముగా చూచుచుండిరి.

అప్పుడు నెల్లూరు జిల్లాలో చేరియుండిన ఒంగోలున, జాన్ ఎవరెట్ క్లౌ అను అమెరికా బాప్టిస్టు పాదరీగారు 1866 నుండి నివసించుచుండిరి. ఆయన సంఘములో పెక్కుమంది మాదిగలే. పాదరీ కాకపూర్వము సర్వేపని చేసిన అనుభవము వారికి కలదు. వారు బకింగుహాము కాలువలో 3½ మైళ్ల త్రవ్వకమును దొరతనమువారికడ గుత్తకు తీసికొని, తమ బోధకులనే మేస్త్రీలుగా నియమించిరి. పని చూచువాడు తమవాడే యగుటచే కూలివాండ్రు నిర్భయముగా పార పట్టిరి.

అన్నము చూపి మతము మార్చిరను నింద పాదరీలపై కలదు. ఆ శంక నెఱిగియే క్లౌగారు కరువుకాలమున బాప్తిస్మములను నిలిపివేసిరి. తిరిగి మొదలిడిన పిదప, 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. దానికి కారణము విశ్వాసమా, కృతజ్ఞతయా యని తర్కింపవచ్చును. కాని ఆకలిదినములలో మతము కూలికి షరతు కాలేదన్నది మఱవరాదు.

లెక్కలు వ్రాయుటలో వయసు గడిపిన నాకు తోచునది యిది: విన్నపము ఉత్తరువుతో ఫలింపదు, కూలి కూలివాని చేతబడిననాడే ఫలించును. ఉత్తరువునకును ఆ చేతికిని నడుమ నిలుచువా డెవడన్నదే ముఖ్యము. నేడు ఆ కాలువపై పడవల రాకపోకలు చాలవఱకు నిలిచిపోయినవి. కాని ఆ గట్టుల మట్టిలో మన పేదల చెమట కలదు. దాని నెఱుగుట చదువరుల ధర్మము.