వేదిక మీద ఎవరు? వేదిక వెనక ఎవరు?

మన తెలుగు మహాసభల సావనీరు ఏదైనా ఒకటి తీసి కమిటీల పేజీలు తిరగెయ్యండి. అలంకరణ, రిజిస్ట్రేషన్, సాంస్కృతిక కార్యక్రమాలు, మహిళా ఫోరం... వీటిలో ఆడవాళ్ళ ఫోటోలు బోలెడు కనిపిస్తాయి. బడ్జెట్, నిధుల సేకరణ, కన్వెన్షన్ సెంటర్ కాంట్రాక్టు, ముఖ్య అతిథుల ఎంపిక దగ్గరకి వచ్చేసరికి సూట్లు, టైలే ఎక్కువ. రెండేళ్ళ క్రితం మా ఊళ్ళో ఒక సభకి పనిచేస్తూ, ప్రోగ్రామ్ కమిటీలో ఉంటానని అడిగాను. ఒక పెద్దాయన ఎంతో ఆప్యాయంగానే, "మీకెందుకమ్మా ఆ తలనొప్పి, ముగ్గుల పోటీ చూసుకోండి, మీరైతే బాగా చేస్తారు" అన్నారు. ముగ్గుల పోటీ బాగానే జరిగింది లెండి! ఆ మాట మాత్రం మనసులో ఉండిపోయింది. నేను పనిచేసే సాఫ్ట్‌వేర్ రంగంలో కాన్ఫరెన్సులు నడిపేవాళ్ళు ఇదే సమస్యని ఎలా ఎదుర్కొన్నారో తెలుసుకుందామని కూర్చుంటే, మనకి పనికొచ్చే సంగతులు చాలానే దొరికాయి.

1987లో ఆపరేటింగ్ సిస్టమ్స్ మీద జరిగిన ఒక ప్రముఖ సింపోజియంలో ఆడవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మందే ఉన్నారు. వాళ్ళలో ఒకరైన అనితా బోర్గ్ మిగిలినవాళ్ళని కలుపుకుని 'సిస్టర్స్' అనే ఈమెయిల్ బృందం మొదలుపెట్టారు. 1994లో ఆవిడ, టెల్ విట్నీ కలిసి వాషింగ్టన్‌లో మొదటి గ్రేస్ హాపర్ సభ జరిపారు. హాజరైనవాళ్ళు దాదాపు 500 మంది. 2017లో ఓర్లాండోలో జరిగిన సభకి ఆ సంఖ్య సుమారు 18,000 అయింది. దాన్ని చూడడానికి అనితా బోర్గ్ లేరు, 2003లోనే కన్నుమూశారు.

ఈ సభతో మనవాళ్ళకి ఒక సంబంధం ఉంది. 2014లో ఫీనిక్స్‌లో జరిగినప్పుడు, మన హైదరాబాద్ నుంచి వచ్చిన సత్య నాదెళ్ళ గారు వేదిక మీద ఉన్నారు. జీతం పెంచమని అడగడానికి సంకోచించే ఆడవాళ్ళకి ఏం సలహా ఇస్తారని మరియా క్లావే అడిగితే, అడగడం కన్నా వ్యవస్థ మీద నమ్మకం ఉంచడం మంచిదని, అది 'మంచి కర్మ' అని జవాబిచ్చారు. క్లావే అప్పటికప్పుడే, అక్కడే, ఒప్పుకోనని చెప్పేశారు. నాదెళ్ళ గారు ఆ రోజే ఉద్యోగులకి మెయిల్ రాసి, తాను చెప్పింది పూర్తిగా తప్పని ఒప్పుకున్నారు. పత్రికలన్నీ ఆయన మాట గురించే రాశాయి. నాకు మాత్రం క్లావే ఆ కుర్చీలో ఉండడమే ముఖ్యమనిపించింది. అక్కడ ఇంకో పెద్దమనిషి కూర్చుని ఉంటే తల ఊపి తర్వాతి ప్రశ్నకి వెళ్ళేవారేమో!

"వక్తలుగా ఆడవాళ్ళు దొరకడం లేదండీ" అనే మాట మనం తరచు వింటాం. 2018లో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగే ఆర్ఎస్ఏ సెక్యూరిటీ కాన్ఫరెన్స్ మొదట ప్రకటించిన ఇరవై మంది దాకా కీనోట్ వక్తల్లో ఉన్న మహిళ ఒక్కరే, మోనికా లెవిన్స్కీ. ఆవిడది సెక్యూరిటీ రంగం కూడా కాదు. దాంతో కొందరు ఇంజనీర్లు 'అవర్ఎస్ఏ' పేరుతో పోటీ సభ తలపెట్టి, ఐదు రోజుల్లోపే వక్తల జాబితా తయారు చేసేశారు. వాళ్ళలో చాలామంది మహిళలే.

అన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్నది పైథాన్ ప్రోగ్రామర్ల సభ పైకాన్ కథ. అమెరికాలో జరిగే ఈ సభలో 2011లో ఆడవాళ్ళు ఇచ్చిన ప్రసంగాలు నూటికి 1. 2014, 2015లలో అది 33 అయింది, 2016లో 40. కోటా ఏమీ పెట్టలేదు. జెస్సికా మెకెల్లర్ వంటివాళ్ళు ఆడవాళ్ళకి ఒక్కొక్కరికీ విడిగా రాసి ప్రతిపాదన పంపమని అడిగారు, రాయడంలో సాయపడ్డారు. మాంట్రియల్‌లో జరిగిన 2014, 2015 సభలకి అధ్యక్షురాలు డయానా క్లార్క్. యూరప్‌లో జేఎస్‌కాన్ఫ్ వాళ్ళు కూడా 2012లో ముందు ఆడవాళ్ళని పిలిచి ప్రతిపాదనలు పంపమన్నారు. తర్వాత పేర్లు తీసేసి ఎంపిక చేశారు. 40 మంది వక్తల్లో 10 మంది మహిళలు వచ్చారు. ఇక్కడ వరస ముఖ్యం. ఎవరినీ పిలవకుండా పేర్లు మాత్రం తీసేస్తే, వచ్చిన దరఖాస్తులన్నీ మగవాళ్ళవే అయినప్పుడు ఒరిగేదేమీ ఉండదు.

2012లో పైథాన్ ఫౌండేషన్, ప్రవర్తనా నియమావళి లేని సభలకి డబ్బు ఇవ్వమని నిర్ణయించింది. 2019లో ఎన్.ఐ.హెచ్. డైరెక్టర్ ఫ్రాన్సిస్ కాలిన్స్, అందరూ మగవాళ్ళే ఉండే ప్యానెళ్ళలో ఇక మాట్లాడనని ప్రకటించారు. సభలో మార్పు తేవాలంటే డబ్బిచ్చేవాళ్ళు, ముఖ్య అతిథులు చేయగలిగినంత వాలంటీర్లు చెయ్యలేరు.

మన దగ్గర చిక్కు ఇంకో చోట కూడా ఉంది. టానా సభలు బేసి సంవత్సరాల్లో, ఆటా సభలు సరి సంవత్సరాల్లో జరుగుతాయి కాబట్టి మనవాళ్ళకి ఏటా ఏదో ఒక పెద్ద సభ ఉంటూనే ఉంటుంది. స్థానిక సంఘాల ఉగాది, దీపావళి, బతుకమ్మ సరేసరి. వీటి పెద్దరికం చాలావరకు విరాళాలని బట్టి వస్తుంది. చెక్కు వెళ్ళేది ఇద్దరి జీతాల్లోంచే అయినా, సంఘంలో లెక్కకొచ్చేది భర్త పేరే. ఇక కమిటీ కాన్ఫరెన్స్ కాల్ పెట్టేది ఆదివారం రాత్రి ఎనిమిదింటికి... సరిగ్గా పిల్లల అన్నాలు, మర్నాటి లంచ్ బాక్సుల వేళ! నేను ఎన్ని కాల్స్ మ్యూట్‌లో పెట్టి గిన్నెలు తోముతూ విన్నానో లెక్కలేదు. కాల్ వేళ మార్చడానికి పైసా ఖర్చు లేదు.

ఈసారి మా సభకి నన్ను ప్రోగ్రామ్ కో-చైర్‌గా తీసుకున్నారు. ముగ్గుల పోటీ అన్న పెద్దాయనే నా పేరు ప్రతిపాదించారు, ఆ మాట కూడా చెప్పాలి. కాల్ శనివారం పొద్దునకి మార్చాం. సాహిత్య వేదికకీ, బిజినెస్ ఫోరానికీ వచ్చే ప్రతిపాదనలని పేర్లు తీసి చదవాలని అడిగాను. సాహిత్యం వాళ్ళు ఒప్పుకున్నారు. బిజినెస్ ఫోరం వాళ్ళు ఇంకా ఆలోచిస్తున్నారు.